చైత్రంలో కనబడిన వానకోకిల

ఆదెయ్య చూసిన పిట్టను రేంజరు తాను చూశానని చెప్పుకున్నాడు. 1934 చైత్రంలో, యర్రగొండపాలెం పైన అడవి అంచున మేకలు మేపుతూ ఆదెయ్య వానకోకిలను చూశాడు. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నెత్తిన జుట్టు ఉండే ఆ పిట్ట తొలకరికి గాని మా వైపు రాదు. వానలు వెనకపట్టాక వెళ్లిపోతుంది. రెండు నెలల ముందే రావడం వింత. మేత పుల్లరి కట్టడానికి వెళ్లినప్పుడు ఆదెయ్య ఆ సంగతి రేంజరుకు చెప్పాడు. రేంజరు పై దొరకు పిట్టల పిచ్చి. రేంజరు తన పేరుతోనే రాసి పంపాడు. అది ఇంగ్లీషు పత్రికలో అచ్చయింది కూడా.

ఐదేళ్ల తరువాత ఆ కాగితం మార్కాపురంలో ఒక ప్లీడరు ఇంటి చెత్తలో నాకు దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. ఒళ్లు మండింది. కోటు వేసుకున్నవాడికే కళ్లున్నాయా ఈ రాజ్యంలో? ఆ పిట్టను చూసింది ఆదెయ్యేనని పత్రికకు అర్జీ రాసుకుని అతని దగ్గరకు వెళ్లాను.

"పేరు అచ్చుపడితే ఏంజేసుకోను నాయనా? మేకలకు సదివి ఇనిపించాల్నా?" అన్నాడు.

"అట్లనే అంటాడు. నీ కబురు అందిన రాత్తిరి నుంచి మీసం దువ్వుతానే ఉన్నాడు," అంది భార్య అలివేలమ్మ.

అర్జీలో తన పేరున్న చోటు రెండుసార్లు చదివించుకున్నాడు ఆదెయ్య.

ఆ వారమే, కొండ కింది చింతల్లో మళ్లీ వానకోకిల కనబడిందని కబురొచ్చింది. చైత్రం ఇంకా దాటలేదు. మా మాట నిలబడిందని నేను ఎగిరి గంతేశాను. అక్కడికి పోయాక ఆదెయ్య మాత్రం పొద్దెక్కేదాకా పొద కింద కదలకుండా కూర్చున్నాడు. చివరికి పిట్ట లేచింది. ఒరిగిపోతూ పక్క చెట్టుదాకా పోయి వాలిపోయింది. కుడి రెక్కలో సగం ఈకలు లేవు.

"ఇది కొత్తగా వచ్చింది గాదు. పోయినేడు మిగతావాటితో పోలేక ఈడనే నిలిచిపోయింది," అన్నాడు.

"ఐదేళ్ల కింద నువ్వు చూసింది బాగానే ఎగిరింది గదా, మామా?"

"కొమ్మ మీద చూసినా. ఎగరంగ చూళ్లే."

 ఆదెయ్య ఇల్లు చేరాక అర్జీ చింపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ ఏటి వానల్లోనే జ్వరమొచ్చి ఆదెయ్య పోయాడు. ఆ రోజు తరువాత నేను ఆయన్ను మళ్లీ చూడలేదు. ఆ రోజు నా చెయ్యి వదలకుండా ఇలా అన్నాడు:

"చింపొద్దు. నా పేరు అట్లనే ఉండనీ. పిట్ట ఎగిరేదాకా నేను ఆగలేదని, ముందే వచ్చిందన్న మాట కొట్టెయ్యమని రాయి. చూసింది నేనైతే, తప్పని చెప్పేది రేంజరా?"