ఓకే అని ఆగిపోయిన డబ్బా

అలంపూర్‌లో తుంగభద్ర ఒడ్డున ఒక కిరాణా కొట్టు ఉంది. నది నీటిమట్టం చూసే మా డబ్బాను ఆ కొట్టు గోడకే బిగించాం. అందులో డీమన్ అనే ప్రోగ్రాం ఒకటి ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. గద్వాలలోని నా కంప్యూటర్‌కు కొలతలు పంపడం దాని పని. పరీక్షల కోసం దానికి సాకెట్ అనే దారి తెరిచి పెట్టుకున్నాను. ఇక్కడ ఆజ్ఞ టైపు చేస్తే అక్కడ ఆ పని చేసి, 'ఓకే' అంటుంది.

కొట్టు నడిపే అక్క కొన్నేళ్ళ కిందటి పెద్ద వరదలో కట్టుబట్టలతో బయటపడిన మనిషి. అప్పటినుంచి ఏటా వానలు మొదలవగానే బియ్యం మూటలు అటక ఎక్కించేది.

ఆ రోజు ఎగువన వానలు. నెట్‌వర్క్ తెగితే డబ్బా తనంతట తాను మళ్ళీ కలుపుకుంటుందా అని చూడాలి. అందుకని అచ్చం అలాంటి డబ్బానే నా బల్ల మీద పెట్టుకున్నాను. రెండింటికీ ఆజ్ఞలిచ్చే విండోలు కంప్యూటర్ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. నెట్‌వర్క్ ఆపమన్నాను. 'ఓకే' అంది. బల్ల మీది డబ్బా నెట్‌వర్క్ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. పక్క విండోలో టైపు చేసి నేను ఆపింది అలంపూర్ డబ్బాను! మళ్ళీ మొదలుపెట్టమని చెప్పాలన్నా ఆ దారినే చెప్పాలి. కూర్చున్న కొమ్మను నేనే నరుక్కున్నాను.

ఎంతసేపు చూసినా అది కలుపుకోలేదు. ఎవరికీ చెప్పకుండా బండి మీద పోయి సరిచేసి వద్దామనుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అంతలో అక్కే ఫోన్ చేసింది.

"తమ్మీ, నీళ్ళెట్లున్నయి? ఈయేడు మూటలు పైకెక్కియ్యలే. నీ డబ్బా ఉంది గద అని."

చేతిలోని బండి తాళాలు బల్ల మీద పెట్టేశాను.

"అక్కా, తప్పు నాదే. డబ్బాను నేనే బంద్ చేసిన. నీళ్ళెంతున్నయో నాకు తెల్వదు."

"జర ఆగు," అంది. తిట్టినా బాగుండేది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదిగా ఘాట్ మెట్లు దిగని మనిషి, ఫోన్ పట్టుకునే దిగింది. ఆమె ఆయాసం వింటూ నేను కుర్చీలో కూర్చున్నాను.

"నీళ్ళు పైకి రానీకి ఇంక నాలుగు మెట్లున్నయి తమ్మీ."

పైకి వచ్చాక, నేను చెప్పినట్టు డబ్బా స్విచ్ ఆపి మళ్ళీ వేసింది. డబ్బా లేచింది. నది ఆ నాలుగు మెట్లూ ఎక్కలేదు.

అయినా సాయంత్రం వెళ్ళి మూటలన్నీ నేనే అటక ఎక్కించాను. ఆమె వద్దనలేదు. చివరి మూట ఎక్కించాక, ఇక డబ్బా తీసుకుపొమ్మంటావా అని అడిగాను.

"డబ్బా ఉండనీ తమ్మీ," అంది. "మూటలు గూడ పైన్నే ఉండనీ."