రిమోట్‌లో చోటు చాలక

మా నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో, కంట్రోల్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అన్నీ ఒకే చోటు నుంచి నడవాలన్న పిచ్చి ఆయనకు అక్కడే పట్టింది. టీవీకో రిమోటు, సెట్‌టాప్ బాక్సుకో రిమోటు, ఫ్యానుకో రిమోటు ఇంట్లో చెల్లాచెదురుగా పడి ఉండటం ఆయన లెక్కలో ఆడవాళ్ల అశ్రద్ధ. వాటన్నిటినీ కొన్నది ఆయనే కదా అంటే మాత్రం వినపడనట్టు ఊరుకుంటారు.

అమ్మకు గొంతు ఆపరేషన్ చేసి, మెడలో గొట్టం అమర్చి ఇంటికి పంపించాక ఆ పిచ్చికి ఒక పని దొరికింది. అమ్మ ఊపిరంతా ఆ గొట్టంలోంచే. అందులో కఫం అడ్డుపడితే ఎవరో ఒకరు వెంటనే మిషన్‌తో లాగెయ్యాలి. ఆవిడకు మాట రాదు, కేక వెయ్యలేదు, సత్తువ లేక మంచం దిగలేదు. అందుకని నాన్న అమ్మ గదిలో రిమోట్‌తో పనిచేసే స్విచ్‌బోర్డు పెట్టించి, దాన్నుంచి వంటింటికి ఒక బెల్ కలిపించారు. తర్వాత, నేర్పితే నేర్చుకునే రిమోట్ ఒకటి కొనుక్కొచ్చారు. పాత రిమోట్‌ను దానికి ఎదురుగా పెట్టి ఒక్కో బటన్ నొక్కుతుంటే ఇది ఒక్కోదాన్నీ పట్టుకుంటుంది. ఇక పాతవాటితో పనుండదు.

"ముందు బెల్లు. అన్నిటికంటే అదే కదా ముఖ్యం" అంటూ ఎర్ర బటన్‌కు బెల్ నేర్పారు. ఆ తర్వాత ఫ్యాను, లైటు, టీవీ. కొన్నాళ్లు రోజూ పొద్దున్నే అమ్మ చేత ఎర్ర బటన్ నొక్కించి, వంటింట్లో బెల్ మోగగానే "ఓకే!" అని అరిచేవారు, ఇంకా డ్యూటీలో ఉన్నట్టు. రానురాను అది మానేశారు. గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరం ఉండేవాళ్లం, బెల్‌తో పని పడేదే కాదు. అప్పుడది అదృష్టమనే అనుకున్నాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు బెజవాడలో బొట్టు పడని వస్తువుండదు. స్కూటరు, మిక్సీ, కుక్కరు, చివరికి అమ్మకు కఫం లాగే మిషన్ కూడా, అన్నిటికీ నాన్నే గంధం రాసి కుంకుమ అద్దారు. రిమోట్‌కు నుదురెక్కడో కాసేపు చూసి, పైభాగాన చిన్న లైటున్న చోట దిట్టంగా పెట్టారు. పూజయ్యాక జిడ్డంటకుండా దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేశారు. బొట్టు కవరు లోపలే ఎండిపోయింది. దేవుడి బొట్టు కదా, తుడిచెయ్యడానికి మాకెవరికీ చేతులు రాలేదు.

వేసవిలో అమ్మ గదికి కొత్త ఏసీ వచ్చింది. నాన్న మంచం అంచున కూర్చుని దాని బటన్లు ఒక్కొక్కటే రిమోట్‌కు నేర్పడం మొదలుపెట్టారు. చల్లదనం, గాలి వేగం, టైమరు, చివరికి రెక్కలు ఊగే బటన్ కూడా.

"ఆన్, ఆఫ్ చాలవా నాన్నా? అసలన్ని పడతాయా దాంట్లో?" అన్నాను.

"నీ ఫోన్లో అన్నేసి ఫొటోలు పట్టట్లా? దీనికేం రోగమే!"

నాకు ఒళ్లు మండింది. విసురుగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. చోటు నిండిపోయిందని ఆ చిన్న లైటు బొట్టు కింద గబగబా కొట్టుకునే ఉంటుంది. ఆ రిమోట్ తీరేమిటో మాకు తర్వాత తెలిసింది. చోటు లేకపోయినా అది కొత్తదాన్ని వద్దనదు. అన్నిటికంటే పాతదాన్ని చెరిపేసి ఆ చోట కొత్తదాన్ని పెట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యమని మొదట నేర్పిన బెల్, ఏసీ రెక్కల కోసం పోయింది. ఎర్ర బటన్ మాత్రం అమ్మ బొటనవేలి కింద ఎప్పట్లాగే ఉంది.

తర్వాత కొద్ది రోజులకే, ఒక మధ్యాహ్నం. బయట వడగాలి కొడుతోందని కిటికీలన్నీ మూసేశాం. అమ్మ నిద్రపోతోంది కదా అని నేను పప్పు పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లోకి వచ్చాను. నాన్న హాల్లో పేపరు మొహం మీద కప్పుకుని పడుకున్నారు.

గదిలో టీవీ మోగింది. ఏదో నగల కొట్టు ప్రకటన. సౌండ్ పెరిగింది. ఇంకా పెరిగింది.

"ఏంటి నాన్నా ఆ సౌండు?" అని అరిచాను.

"మీ అమ్మ లేచినట్టుంది. చూడనియ్యవే, పాపం" అన్నారాయన పేపరు కిందనుంచే.

నిజమే, పోనీలే అనుకున్నాను. పప్పులో గరిటె తిప్పాను. సౌండ్ ఇంకా పెరిగి అరలో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. నాకు చిర్రెత్తుకొచ్చింది. పక్కవాటా వాళ్లు ఏమనుకుంటారోనన్న జ్ఞానం కూడా లేదా ఈవిడకి, అనుకుంటూ నాలుగు కేకలేద్దామనే వెళ్లి తలుపు తోశాను.

అమ్మ మొహం నల్లబడిపోయింది. కళ్లు తలుపు మీదే ఉన్నాయి. బొటనవేలు సౌండ్ బటన్‌ను నొక్కిపెట్టే ఉంది.

మిషన్ ఎలా ఆన్ చేశానో, గొట్టంలో ఎలా పెట్టానో తెలియదు. నాన్న గుమ్మంలో నిలబడి "బెల్లు కొట్టలేదేంటి, బెల్లు కొట్టలేదేంటి" అని అన్నదే అంటున్నారు. చాలాసేపటికి గుర్రుమని గాలి వెళ్లిన చప్పుడైంది. అమ్మ ఛాతీ లేచింది. టీవీ అలా అరుస్తూనే ఉంది, ఆపాలని ఎవరికీ తోచలేదు.

సాయంత్రం నాన్న ఎర్ర బటన్ నొక్కి నొక్కి చూశారు. కవరు తీసి, బొట్టు గోటితో గీకి, ఏసీ బటన్ ఇంకొకటి నేర్పారు. లైటు గబగబా కొట్టుకుంది. ఈసారి ఫ్యాను పలకడం మానేసింది. ఆయనకు అర్థమైంది. రిమోట్ బల్ల మీద బోర్లా పెట్టి, వెళ్లి వరండాలో కూర్చున్నారు.

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. ఆవిడ పెదవులు కదిపింది. ఆ పెదవులు చదవడం నాకప్పటికి అలవాటైపోయింది, అయినా అర్థం కానట్టు చూశాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా మళ్లీ కదిపింది.

"నీకు కోపం రాకపోయుంటే?"