నాలుగు గుండిగల ఎంగిలి

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా ఆరువందల మంది పనిచేసే బట్టల మిల్లు క్యాంటీన్లో ముప్పై నాలుగేళ్ళు పెద్ద వంటవాడిగా చేశాను. ఒక్క పూటైనా అన్నం చాలలేదన్న మాట పడలేదు. వరద నీళ్ళు పొయ్యిల దాకా వచ్చిన రోజున కూడా బల్లల మీద పొయ్యిలు పెట్టి వండించి, వేళకి భోజనాల గంట కొట్టించాను. ఇద్దరు మేనేజర్లు అందరి ముందూ లేచి నిలబడి నాకు చప్పట్లు కొట్టారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్న మాట. అంతటివాడికి కళ్ళు తెరిపించింది మాత్రం పళ్ళేలు కడిగే మనిషి. ఆమె గురించి రాయడానికే కూర్చున్నాను.

ఆమెను అందరూ బకెట్టక్క అనేవారు. భర్త పోయాక, మంచం పట్టిన అత్తగారిని ఆ ఒక్క పనితోనే సాకుతోంది. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు.

మా క్యాంటీన్లో వంటగదికీ కడుగుడు గదికీ మధ్య గోడ ఉండేది. మేం అటు వెళ్ళం, వాళ్ళు ఇటు రారు. అది పద్ధతి. ఎంగిలి పళ్ళేలు హాల్లోంచి ఓ కిటికీ గుండా నేరుగా ఆమె చేతికే పోయేవి. నా దగ్గరకు తిరిగొచ్చేవి ఖాళీ వంట గుండిగలు మాత్రమే. గుండిగ ఖాళీ అయిందంటే జనం కడుపారా తిన్నారని నా నమ్మకం. అందుకని మర్నాడు ఇంకో కొలత బియ్యం ఎక్కువ వేసేవాణ్ణి. వడ్డించే గరిటె కూడా నేనే చేయించాను, దోసెడు అన్నం పట్టేంత. అడిగినవాడికీ అడగనివాడికీ నిండుగా పడాల్సిందే.

ఒక ఏడాది వానలకి క్యాంటీన్ వెనక ఎంగిలి గుంట పొంగింది. కుళ్ళునీళ్ళు మిల్లు గేటు దాకా పారాయి. తాగే నీళ్ళ బావి కూడా కంపు కొట్టింది. మేనేజరు నన్ను పిలిచి అడిగితే, వెనకా ముందూ చూడకుండా "కడిగే మనిషి పట్టించుకోవడం లేదండీ" అనేశాను. శనివారంలోగా గుంట బాగుపడకపోతే ఆమెను పనిలోంచి తీసేస్తామన్నారు.

సంగతి తెలిసి బకెట్టక్క, పనిలో చేరిన పన్నెండేళ్ళలో మొదటిసారి, గోడ దాటొచ్చి నా పొయ్యి ముందు నిలబడింది.

"ఏం బాబాయ్, ఆ గుంట నింపేది నేనా?"

"నువ్వు కాక నేనా?"

"సరే. రేపు భోజనాలప్పుడు నాలుగు ఖాళీ గుండిగలు మా వైపు పంపు. ఒక్క పూటకే."

"దేనికమ్మా? వంట మొదలెడతావా ఏంటి?"

"అవును. రేపు నేను వడ్డిస్తా, నువ్వు తిందువుగాని."

వంటవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వుతూనే పంపించాను.

మర్నాడు భోజనాలయ్యాక మేనేజరునూ నన్నూ కడుగుడు గదికి పిలిచింది. గోడవారన నా గుండిగలు నాలుగూ మూతలు పెట్టి వరసగా ఉన్నాయి.

"తియ్యి బాబాయ్."

మొదటి మూత తీశాను. అంచు దాకా అన్నం. రెండోదీ అన్నమే. మూడోదాంట్లో కూర, పొద్దున నేను తరిగిన ముక్కలే. నాలుగోదాంట్లో ఒక్క కొరుకు కొరికి వదిలేసిన రొట్టెలు. ఆ పూట నేను వండింది తొమ్మిది గుండిగలు. తొమ్మిదింట నాలుగు! చేతిలో మూత జారి నేల మీద గిరగిరా తిరిగింది.

"ఇది... ఎన్నాళ్ళది?" అన్నాను.

"ఎన్నాళ్ళదేంటి? ఇందాకటిది."

"రోజూ ఇంతేనా?"

"కూర కుదిరిన రోజు కాస్త తక్కువ. ఇవాళ బాగానే కుదిరిందిలే."

ఎవరూ నవ్వలేదు. అంత నీరు, అంత నిప్పు, ఎవరో రైతు ఎండలో పండించిన అంత పంట! నేను ఇన్నేళ్ళూ జనంతో పాటు గుంటకీ వండిపెట్టాను. ఆ గుంట మా బావినే పాడుచేసింది.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?" అన్నారు మేనేజరు.

"గోడ దాటొద్దన్నారు కదండీ."

అప్పుడు నేను నోరు తెరిచాను. "తప్పు ఈమెది కాదండీ. నాది, నా గరిటెది."

మర్నాడు పెద్ద గరిటె అటక ఎక్కింది. చిన్న గరిటెతో వడ్డన, కావాలంటే మళ్ళీ మళ్ళీ. "ఏం పెద్దాయనా, గరిటెకి జబ్బు చేసిందా?" అని ఓ మగ్గం పనివాడు ఎకసెక్కమాడాడు. కిటికీలోంచి బకెట్టక్క అందుకుంది: "ముందు నాకు పళ్ళెం ఖాళీగా చూపించు తమ్ముడూ, తర్వాత వచ్చి కొసరు అడుగు!"

శనివారానికి ఎంగిలి అర గుండిగకు దిగింది. గుంట పొంగడం ఆగింది. ఆమె పని నిలబడింది. మేనేజరు ఆ గోడకు తలుపు పెట్టించారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు, రేపటికి కొలత వేసేముందు ఆ తలుపు తీసుకుని వెళ్ళి ఎంగిలి గుండిగ మూత నా చేత్తోనే తీసేవాణ్ణి. అడుగున నాలుగు మెతుకులే ఉంటాయని తెలిసినా, ప్రతిసారీ ఆ మొదటి రోజులాగే గుండె ఝల్లుమనేది.