తాతయ్య దాచిన ముక్కలు

నా చిన్నప్పుడు ఒక చలికాలమంతా ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళోని మా ఇంట్లో ఒక ఫ్రెంచి రాజుగారు ముక్కలు ముక్కలుగా పడి ఉన్నారు. మంచం దిగలేని తాతయ్యకు పొద్దుపోవడం లేదని అమ్మ పాత సామాన్లమ్మే ఆప్ షాపులో ఆ జిగ్సా పజిల్ కొనుక్కొచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో ఎవరో ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మ అది. జబ్బుపడిన రాజు ఒక సన్యాసి కాళ్ళ దగ్గర మోకరిల్లి, ఇంకొంత ఆయుష్షు ఇమ్మని వేడుకుంటున్నాడు. పెట్టె వెనక ఇంగ్లీషులో రాసిన కథ నేనే చదివి తాతయ్యకు చెప్పాను. అది తన చేతిలో లేదన్నాడట సన్యాసి. అయినా రాజు పోయేదాకా దగ్గరే ఉన్నాడట.

తాతయ్య కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చి అప్పటికి ఏడాదైంది. ఆయన గుండె బాగా బలహీనపడింది. మా నాన్న డాక్టరు. రోజూ సాయంత్రం ఆసుపత్రి నుంచి రాగానే గదిలోకి వచ్చి, నిలబడే బీపీ చూసి, కాళ్ళ వాపు నొక్కి చూసి, మాత్రలు వేసుకున్నారా అని అడిగి వెళ్ళిపోయేవారు. ఇక చేయగలిగిందేమీ లేదని ఆయనకు అందరికంటే బాగా తెలుసు. అది తెలిసి తన తండ్రి గదిలో కూర్చోవడం ఆయన వల్ల కాలేదని అమ్మ చాలా ఏళ్ళ తరువాత చెప్పింది. అప్పట్లో నాకు మాత్రం నాన్న మీద ఒళ్ళు మండేది.

మేమిద్దరం మంచం పక్క బల్ల మీద ముందు అంచులు పేర్చాం, తరువాత రాజుగారి అంగీ. ఒక మధ్యాహ్నం తాతయ్య సన్యాసి ముఖం ఉన్న ముక్కలు ఏరి దిండు కింద పెట్టేసుకున్నారు.

“దట్స్ చీటింగ్, తాతయ్యా!” అన్నాను.

“ఊరుకోవే. మీ నాన్నకి ఏదన్నా కనబడకపోతే దొరికేదాకా నిద్రపట్టదు. ఈ రాజు చూడు, ఏళ్ళకి ఏళ్ళు కావాలంటున్నాడు. నాకంత ఆశ లేదమ్మా. మీ నాన్న కాసేపు నా దగ్గర కూర్చుంటే చాలు.”

ఆ సాయంత్రం నాన్న బీపీ చూసి వెళ్ళబోతుంటే తాతయ్య పిలిచారు. “ఒరేయ్, సన్యాసి మొహం కనబట్టం లేదురా. కాస్త వెతికిపెట్టు.”

నాన్న కాసేపు నిలబడే వెతికి, తరువాత కుర్చీ లాక్కున్నారు. వెతుకుతూనే మాటల్లో పడ్డారు. ఆయన సైకిలు నేర్చుకుంటూ కాలవలో పడ్డ సంగతి నేను మొదటిసారి విన్నది ఆ రోజే. ముక్కలు దొరకలేదు కాబట్టి మర్నాడూ వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున అమ్మ తాతయ్యను చక్రాల కుర్చీలో స్నానానికి తీసుకెళ్ళింది. నాన్న పక్క దులుపుతుంటే ముక్కలు నేల మీద రాలాయి. గుట్టు బయటపడింది, ఇక నాన్న రారు అనుకుని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన వాటిని ఏరి, అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. మా నాన్న కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదలు. తరువాత వాటిని మళ్ళీ దిండు కింద సర్ది, నాకేసి చూసి పెదవి మీద వేలు పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం బల్ల మీదికి వంగి, “ఇంకా దొరకలేదు నాన్నగారూ,” అన్నారు.

“తొందరేముందిరా. రేపు చూద్దువుగాని,” అన్నారు తాతయ్య.

చలికాలం వెళ్ళేలోగా తాతయ్య పోయారు. ఆ వేళకు నాన్న ఆయన చేయి పట్టుకుని ఉన్నారు, నాడి చూడటానికి కాదు.

నేను నర్సునయ్యాను. ఇక చేయగలిగిందేమీ లేదని చెప్పి డాక్టర్లు గది దాటి వెళ్ళిపోవడం ఎన్నోసార్లు చూశాను. వాళ్ళ మీద నాకు కోపం రాదు, వాళ్ళ బాధ వాళ్ళది. నేను మాత్రం ఇప్పటికీ ఆ మాట విన్న వెంటనే లోపలికి వెళ్ళి రోగి పక్కన కూర్చుంటాను.