స్పెయిన్ సారు ముందు నా ఇంటర్వ్యూ

ప్రిన్సిపాల్ గారు "కూసో అమ్మా" అని కుర్చీ చూపించిన క్షణంలోనే నాకు ప్రమాదం అర్థమైంది. ఆ రోజుల్లో జహీరాబాద్‌లోని మా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, పార్ట్‌టైం లెక్చరర్లం ఆయన గదిలో చీవాట్లు కూడా నిలబడే తినేవాళ్ళం. కుర్చీ ఇచ్చారంటే ఉద్యోగం పోయినట్టే.

"స్పెయిన్ నుంచి రాజ్యాంగం చెప్పే పెద్ద ప్రొఫెసర్ రేపు వస్తున్నడు. గ్రామసభ చూస్తందుకు రాయికోడ్ దిక్కు పోతడంట, నడుమ మన దగ్గర జర మాట్లాడ్తడు. ఆయన పరిచయం చదువుడు, తెలుగుల చెప్పుడు నీ పని. తర్వాత... వచ్చే ఏడాది నువ్వు ఇంట్ల ఉండమ్మా. ఇద్దరు చిన్న పిల్లలు, ఎందుకు తిప్పలు? రెస్ట్ తీస్కో."

(రెస్ట్! నాలుగేళ్ళ కొడుకూ, ఇంకా ఏడాది నిండని కూతురూ ఉన్న ఇంట్లో!)

అసలే నేను పిల్ల తుమ్మితే దవాఖానకు పరుగెత్తే రకం. ఇంటికొచ్చి ఏడిస్తే, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన "పోనీలే" అన్నారు. ఆ పోనీలేతో ఒళ్ళు మండి ఏడుపు ఆగిపోయింది.

మర్నాడు కొడుకును బడికి పంపి, చూసేవాళ్ళు లేక కూతురిని కాలేజీకే తెచ్చి, అక్కడి ఆయమ్మ చేతిలో పెట్టి వేదికెక్కాను. స్పెయిన్ సారు పరిచయం మూడు పేజీలు. డాక్టరేటు, సహాయకుడు, తాత్కాలిక అధ్యాపకుడు, మళ్ళీ తాత్కాలికం, మళ్ళీ తాత్కాలికం, చివరికి ఆచార్య పీఠం. ఆ తాత్కాలికాల దగ్గర నా గొంతు దానంతటదే పెద్దదైంది.

ఆయన మైకు తీసుకుని, తమ దేశంలో ప్రొఫెసర్‌ను ఎలా ఎంచుకుంటారో చెప్పారు. అభ్యర్థి ఐదుగురు పెద్దల ముందు నిలబడి తన చదువూ బోధనా తనే వివరించుకోవాలట. తలుపులు తెరిచే ఉంటాయట. దారిన పోయేవాళ్ళయినా వచ్చి కూర్చుని వినొచ్చట.

వెనక నుంచి ఒక విద్యార్థిని లేచింది. "సారును అడుగున్రి మేడం, ఫస్ట్‌సారే పాసయిండ్రా?"

ఆయన పగలబడి నవ్వారు. మొదటిసారి తప్పారట. వాళ్ళమ్మ వచ్చి వెనక వరసలో కూర్చుంటే, ఆవిడ ముఖం చూసి అంతా మరిచిపోయారట. (మూడు పేజీల్లో ఆ ముక్క ఎక్కడా లేదు.)

వందన సమర్పణ నాదే. అందరికీ వందనాలు చెప్పి, మైకు వదల్లేదు. "మన కాలేజీలో కూడా నా పోస్టుకు ఇంటర్వ్యూ ఇలాగే, తలుపులు తీసి, ఇప్పుడే జరుగుతుంది. మొదటి అభ్యర్థిని నేనే" అన్నాను. అదే ఇంగ్లీషులోనూ చెప్పాను. స్పెయిన్ సారు ఇక్కడా ఇదే ఆచారం కాబోలనుకుని, సంబరంగా కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. ప్రిన్సిపాల్ గారు చేతిలో శాలువాతో అలాగే నిలబడిపోయారు.

నేను రోజూ పాఠం చెప్పే మన రాజ్యాంగంలోంచి, పని పరిస్థితులు మనిషికి తగ్గట్టుండాలనీ, ప్రసూతి సాయం అందాలనీ చెప్పే నలభై రెండో అధికరణ అందుకున్నాను. రెండు వాక్యాలు కాకముందే ఆయమ్మ వేదిక దగ్గరకొచ్చింది. "మేడం, ఊకుంటలేదు. జర నువ్వే ఎత్తుకో." ఎత్తుకున్నాను. నా కూతురు మైకు పట్టుకుని అందులోకే ఏడ్చింది. హాలు దద్దరిల్లింది.

ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగింది. "గిట్ల ఏడిస్తే క్లాసు ఎట్ల చెప్తవమ్మా?"

"ఇప్పుడు చెప్తున్నట్టే సార్."

విద్యార్థులు బల్లలు చరిచారు. ఏమన్నానో ఇంగ్లీషులో చెప్పగానే, స్పెయిన్ సారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు శాలువా ఆయనకు కప్పి, నా వైపు చూడకుండానే అన్నారు: "సరే తీయ్, జూన్‌ల రా. గా పిల్లను మాత్రం మైకు కాడికి తేకు."

ఇప్పటికీ పిల్లలు దగ్గితే నాకు నిద్రపట్టదు. ఆ రోజు అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకుని, నా వెర్రి ధైర్యానికి నేనే నవ్వుకుంటాను. ఆ ఇంటర్వ్యూ మర్నాడు పొద్దున్నే పిల్లలిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాను: "అమ్మ కాలేజీ మానదు. ఏడవాలనుకున్నవాళ్ళు ఎనిమిదింటిలోపే ఏడ్చేయండి. తలుపు తీసే ఉంటుంది, వినాలనుకున్నవాళ్ళు వచ్చి వింటారు."