కొట్టడం రానివాళ్ల గోల్ఫ్ కర్ర

ఆ రోజుల్లో నాచారంలో మేం తయారుచేసే వస్తువుల్లో సగం ఎందుకు పనికొస్తాయో మాకే తెలిసేది కాదు. డ్రాయింగ్ వచ్చేది, కొలతలు వచ్చేవి, మేం ఇనుము కరిగించి పోసి, గీకి, నున్నగా చేసి పెట్టెలో పెట్టి పంపేవాళ్లం. అది ఏ దేశంలో ఏ పంపులో తిరుగుతుందో, ఎవరి ఇంటికి నీళ్లు తోడుతుందో అడిగిన పాపాన పోలేదు. తొంభైల మొదట్లో మెకానికల్ డిప్లొమా పట్టుకుని నేను అలాంటి ఒక చిన్న ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో చేరాను. చిల్కానగర్‌లో మా ఇంటి నుంచి సైకిల్ మీద పోయేదాన్ని. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. మా నాన్న ప్రతి ఆదివారం చర్చిలో నా ఉద్యోగం కోసం ప్రార్థన చేయించేవాడు (ఎన్ని నెలలు గడిచాయో నాకంటే పాస్టరు గారికే బాగా గుర్తుండేది). మా గల్లీలో ఫ్యాక్టరీకి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్ను వెనక్కి పంపేస్తే, నా వెనకాలే డిప్లొమాలో చేరాలని చూస్తున్న మా చెల్లెలిని ఇంట్లో కూర్చోబెట్టడానికి బంధువులంతా కాచుకుని ఉన్నారు.

ఐదో నెలలో బొంబాయి ఏజెంటు ద్వారా ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఒక గోల్ఫ్ కర్ర, రెండు డజన్ల తెల్లటి బంతులు, ఒక ఉత్తరం. కర్ర చివర ఉండే లోహపు తలను, బయటి కొలతలూ బరువూ తేడా రాకుండా, మేం పోసివ్వాలి. దూరం కొట్టడానికి వాడే ఆ కర్రను డ్రైవర్ అంటారట. ఇది మామూలు ఆటగాళ్ల కోసం, బంతి తల మధ్యలో తగలకపోయినా మరీ పక్కకు పోకుండా చూసుకోవాలి, మీరే పరీక్షించి రిపోర్టు పంపండి అని ఉత్తరంలో ఉంది. ఉప్పల్ నుంచి నాచారం దాకా గోల్ఫ్ ఆడినవాళ్లు కాదు గదా, చూసినవాళ్లు కూడా మాకు దొరకలేదు. మా సూపర్‌వైజర్ని అందరూ మైక్రోమీటర్ మామ అనేవాళ్లు. సన్నటి మందాలు కొలిచే ఆ పనిముట్టును చొక్కా జేబులో పెన్నులాగా పెట్టుకుని తిరిగేవాడు (ఒకసారి క్యాంటీన్ దోసెను కూడా కొలిచాడని చెప్పుకునేవాళ్లు, నేను చూడలేదు). మామ ఉత్తరం రెండుసార్లు చదివి, "పార్టీ మాలు టెస్టు జేసేటప్పుడు మంచి చెయ్యి పెట్టాలె. మన సిక్సర్‌గాన్ని పిలువున్రి" అన్నాడు.

సిక్సరన్న మా గ్రైండింగ్ సెక్షన్‌లో పనిచేసేవాడు. పాత ఉప్పల్ ఊరివాడు. వాళ్ల పొలం ప్లాట్లయిపోయింది గానీ భుజాల్లో బలం అలాగే మిగిలింది. ఆదివారం క్రికెట్‌లో అతను కొట్టిన బంతుల్ని వెతుక్కోవడానికే ఇద్దరిని పెట్టుకునేవాళ్లు. మేం పోసిన తల బిగించిన కర్రనూ, వచ్చిన నమూనానూ ఫ్యాక్టరీ టెంపోలో వేసుకుని నాగోల్ దగ్గర మూసీ పక్కన గడ్డి పొలాల అంచున ఖాళీ జాగాకి వెళ్లాం. సున్నంతో రెండు పొడుగాటి గీతలు గీశాం. ఆ రెంటి మధ్య పడితే బంతి తిన్నగా పోయినట్టు. సిక్సరన్న రెండు కర్రలతోనూ ఇరవై చొప్పున కొట్టాడు. ఒక్కటి కూడా గీత దాటలేదు. దేనితో కొట్టాడో చూడకపోతే తేడా చెప్పలేం. "రాసెయ్ బిడ్డా, రెండూ ఒక్క తీరే ఉన్నయని" అన్నాడు మామ. రాశాను, సంతకం కూడా చేశాను. మామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెద్దసారుకు (మా ఫ్యాక్టరీ యజమాని) చూపించాలని బస్సెక్కి వెళ్లిపోయాడు.

మిగిలినవాళ్లు గడ్డిలో బంతులు ఏరుతుంటే నాకు చేతులు దురద పెట్టాయి. "అన్నా, ఒక్కటి నేను కొడ్తా" అన్నాను. "కొట్టు చెల్లె, గవర్నమెంటు జాగ, ఎవలు వద్దంటరు" అన్నాడు సిక్సరన్న. మొదటిసారి ఊపిన ఊపుకి బంతి అక్కడే ఉంది, నేను మాత్రం చుట్టూ తిరిగి కింద కూర్చున్నాను. రెండోసారి మా కర్ర అంచుకి తగిలింది. కర్ర చేతిలో గిర్రున మెలి తిరిగి, బంతి కుడి పక్కకి పోయి ఒక బర్రె ముందు పడింది. (బర్రె తలెత్తి నన్ను చూసి మళ్లీ మేతలో పడింది. ఆ రోజు నన్ను ఏమీ అనకుండా వదిలేసింది అదొక్కటే.) తర్వాత నమూనా కర్ర తీసుకున్నాను. అంతే చెత్తగా కొట్టాను, అదే అంచుకి తగిలింది, కానీ బంతి కొంచెం వంగి గీతల మధ్యే పడింది. ఏదో అదృష్టం అనుకున్నాను. మరో ఆరుసార్లు కొట్టి చూసినా అంతే. సిక్సరన్న నవ్వడం ఆపాడు. "చెల్లె, నువ్వు రాసింది తప్పు గదా" అన్నాడు.

తప్పే. మధ్యలో కొట్టేవాడికి ఏ కర్రయినా ఒకటే. ఈ కర్ర ఎవరి కోసమో వాళ్లలో ఒక్కరి చేత కూడా మేం కొట్టించలేదు. నాచారంలో మాకున్న అలవాటు అది, మంచి మాలు, మంచి చెయ్యి ముందు పెట్టి, రానివాళ్లని వెనక దాచడం. మర్నాడు మామ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన అరవలేదు. "నీకు కొట్టరాక కర్రకు వంకలు పెడ్తున్నవా బిడ్డా. ఇంకో నెలైతే ఆర్నెల్లు నిండుతయ్. నీ రిపోర్టు నేనే రాయాలె, యాదున్నదా" అన్నాడు, మెల్లగానే. యాదుంది. పాస్టరు గారికి కూడా యాదుంది. అయినా కాగితం మీద ఉన్న సంతకం నాది. "సార్, పెద్దసారు ముంగట ఒక్కసారి కొడ్తా. అప్పటికీ గదే అంటే ఊకుంటా" అన్నాను. ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

రెండు రోజుల తర్వాత పెద్దసారు, ఆఫీసు క్లర్కు, గ్రైండింగ్ సెక్షన్ అంతా గడ్డి పొలాల దగ్గర వరసగా నిలబడ్డారు. బంతి ఎక్కడ తగిలిందో తెలియడానికి కర్ర ముఖానికి టైపు కాగితం, దాని మీద కార్బన్ పేపర్ అంటించాను. ఆ తెలివి నాదే, ఆ మాట చెప్పుకోనివ్వండి. కానీ ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. అంతమంది ముందు పరువు పోతుందని భయపడి, ఆ రెండు రోజులూ చర్చి ఆవరణలో వెదురుకర్రతో తెగ సాధన చేశాను. దాని ఫలితంగా మా కర్రతో కొట్టిన మొదటి రెండు బంతులూ తాడు పట్టి లాగినట్టు తిన్నగా పోయాయి. "సూస్తున్నరు గద సార్" అన్నాడు మామ. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. జీవితంలో మొదటిసారి బాగా కొట్టి, దానికి ఏడుపు వచ్చిన మనిషిని నేనే అయ్యుంటాను. అప్పుడు సిక్సరన్న దగ్గరికొచ్చి చిన్నగా, "చెల్లె, నువ్వు ఇజ్జత్ కోసం కొడ్తున్నవ్. ఫికర్ జెయ్యకు. నీ తీర్గ కొట్టు, నవ్వితే నవ్వనీ" అన్నాడు.

నా తీరుగానే కొట్టాను. ఒకటి తగల్లేదు, ఒకటి నేలను తవ్వింది, మూడోసారికి చెప్పు ఎగిరిపోయింది. అందరూ నవ్వారు, క్లర్కయితే కూర్చుని నవ్వాడు. నేను ఆగలేదు. రెండు కర్రలతో పదిహేనేసి పూర్తి చేసి, కాగితాలు విప్పి పెద్దసారు చేతిలో పెట్టాను. రెండు కాగితాల మీదా కార్బన్ మచ్చలు చెల్లాచెదురుగా ఒకేలా ఉన్నాయి. బంతులు మాత్రం ఒకేలా పడలేదు. నమూనావి చాలా వరకు గీతల మధ్య ఉన్నాయి, మావి గడ్డి పొలమంతా ఉన్నాయి. పెద్దసారు చొక్కా చేతులు మడిచి తనే కర్ర అందుకున్నారు. నాకంటే ఘోరంగా కొట్టారు. (అప్పుడు ఎవరూ నవ్వలేదు, అది వేరే సంగతి.) నాలుగోసారికి కర్రను కింద పెట్టి, "ఇది నా అసోంటోని కోసమే గదయ్యా చేసింది. నన్నెందుకు అడగలే" అన్నారు మామతో.

మామ ఆ నమూనాను అతిథిలాగా చూసుకునేవాడు, గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టేవాడు. ఆ మధ్యాహ్నం తనే దాని తలను బిగించి రంపంతో రెండు ముక్కలుగా కోశాడు. పక్కన మాది కూడా కోశాడు. గుల్లగా ఉన్న నమూనా తలలో గోడలు మధ్యలో పలచగా, అంచుల దగ్గర మందంగా ఉన్నాయి. అంచున తగిలినా తల మెలితిరగకుండా ఆపేది అక్కడున్న బరువే. మాదాంట్లో బరువంతా మధ్యలో కుప్పపడి ఉంది. బయటి కొలతలు సరిపోవడం చూసి మేం మురిసిపోయాం. మామ జేబులోంచి మైక్రోమీటర్ తీసి ఆ అంచును మూడుసార్లు కొలిచాడు. ఆ తర్వాత నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నెల రోజుల పాటు. అచ్చు మార్చారు, మళ్లీ పోశారు, మళ్లీ నాతోనే కొట్టించారు. అన్నీ మామే దగ్గరుండి జరిపించాడు. నా ఉద్యోగం పోయిందని నేను ఖాయం చేసుకుని, చెల్లెలికి ముందే చెప్పి పెట్టాను, ధైర్యంగా ఉండమని.

ఆరు నెలలు నిండిన రోజు క్లర్కు పిలిచి సంతకం పెట్టమన్నాడు. నన్ను ఉంచుకుంటున్నట్టు కాగితం. దాని కింద మామ చేతిరాతతో నా రిపోర్టు కనబడింది. అందులో నా కొలతల నైపుణ్యం గురించి గానీ, వేళకు రావడం గురించి గానీ ఏమీ లేదు. మూడే వాక్యాలు. "అమ్మాయికి కొట్టరాదు. రాదని పదిమందిలో చూపెట్టింది. ఉంచుకోవాలె." క్లర్కు చూస్తుండగానే ఏడ్చేశాను. తర్వాత ఎన్నో కాగితాల్లో ఎంతోమంది నన్ను మెచ్చుకున్నారు, ఆ మూడు వాక్యాల ముందు అవేవీ నాకు ఆనవు.

ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, చెప్పు ఎగిరిపోయిన కాలితో, జుట్టు రేగిపోయి, అంతమంది ముందు మళ్లీ మళ్లీ తప్పుగా కొడుతూ. కొంచెం అసూయ కూడా వేస్తుంది. ఇప్పుడు నా కింద పాతికమంది పనిచేస్తున్నారు, నన్ను చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు. మొన్న మీటింగులో పిల్లలు కొత్త సాఫ్ట్‌వేర్ ఏదో గంటసేపు చూపించి, "అర్థమైందా మేడమ్" అని అడిగారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. గంభీరంగా తల ఊపి వచ్చేశాను.