ఆ దరఖాస్తు నా చేతిరాతే

మా లెక్కల మేడమ్ పోయారని మొన్న మంగళవారం నేను స్కూల్లో ఉండగా ఫోనొచ్చింది. చేసింది డిగ్రీలో నా స్నేహితురాలు. "గుండెపోటట. నువ్వొస్తావా?" అంది. వస్తానని వెంటనే అనలేకపోయాను. ఎందుకో మీకు చెప్పాలి.

పదేళ్ళ కిందట బ్రాడీపేటలో ఒక ప్రైవేటు కాలేజీలో ఆవిడ మాకు అనంత శ్రేణులు చెప్పేవారు. గాజులు మోచేతి దాకా తోసుకుని బోర్డు మీద రాసేవారు. మేమంతా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలం. ఒకటికి అర, ఆపైన ఒకటిలో మూడో వంతు, నాలుగో వంతు, అలా కలుపుకుంటూ పోతే మొత్తం ఎక్కడైనా ఆగుతుందా అని అడిగారు. వంద పదాలు మాచేతే కూడించారు. చివరికి ఐదు దాటి కాస్త వచ్చింది.

"ఆగుతుందండీ" అన్నాం.

"అలిసిపోయింది మీరు, శ్రేణి కాదు" అన్నారు.

మూడో వంతు, నాలుగో వంతు కలిస్తే అర దాటుతుంది. తర్వాతి నాలుగు పదాలు కలిస్తే మళ్ళీ అర దాటుతుంది. ఆ తర్వాతి ఎనిమిదీ అంతే. ఇలా అరలు చేరుతూనే ఉంటే మొత్తానికి హద్దుండదు, అది అపసరణ శ్రేణి అని మూడు రోజులు ఓపిగ్గా చెప్పారు. "పదాలు చిన్నవైపోతున్నాయని మోసపోకండి" అనేవారు.

ఆ ఓపిక మాకు లేదు. గైడులోవి బట్టీ పట్టిస్తే చాలనుకున్నాం. సిలబస్ పూర్తి చేయడం లేదని ప్రిన్సిపాల్‌కి దరఖాస్తు పెట్టాం. చేతిరాత బాగుంటుందని నన్ను రాయమన్నారు. "ఆవిడ చెప్పేది అర్థం కావడం లేదు" అన్న మాట ఎవరూ అడక్కుండా నేనే చేర్చాను.

వారంలో ఆవిణ్ణి తీసేశారు. వెళ్ళేరోజు మెట్ల దగ్గర నన్ను ఆపారు.

"నీ చేతిరాతే కదమ్మా?"

"అవునండీ."

"సరే. ఆ శ్రేణి అర్థమైందా?"

"అయిందండీ."

అబద్ధం. పదాలు సున్నాకి దగ్గరవుతున్నాయి కాబట్టి శ్రేణి అభిసరిస్తుందని, అంటే మొత్తం ఒక హద్దు దాటదని, పరీక్షలో రాసొచ్చాను. పాసయ్యాను కూడా. ఆవిడకి మాత్రం మళ్ళీ ఏ కాలేజీలోనూ ఉద్యోగం రాలేదు. ఇంట్లో పదో తరగతి పిల్లలకి ట్యూషన్లు చెప్పుకున్నారు.

నేనూ టీచర్నయ్యాక, ఒక సెలవురోజు కాగితం తీసుకుని ఆ శ్రేణిని మొదట్నుంచీ వేసుకున్నాను. అప్పుడు అర్థమైంది. లెక్క అంటే ఏమిటో నాకు తెలిసిందంటే ఆ మూడు రోజుల వల్లే. ఆ మాట చెప్పడానికైనా ఆవిడ గడప తొక్కలేదు.

చివరికి మొన్న తొక్కాను. "మీరెవరండీ?" అని ఆవిడ చెల్లెలు అడిగింది.

"మేడమ్ గారి స్టూడెంట్‌నండీ."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మేడమ్ పక్కనే కూర్చోబెట్టింది. ఏడవడానికి నాకేం హక్కుందని బిగబట్టుకుని కూర్చున్నాను. అంతలో మిరప బస్తాల లారీ ఒకటి వీధిలోంచి మిర్చి యార్డుకి వెళ్ళింది. ఘాటుకి ఇంట్లో అందరూ దగ్గి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళ మధ్య నేనూ తుడుచుకున్నాను.